మార్పులు చేసిన పాత హెరాల్డ్ అమ్మాలంటే: ఉన్నదున్నట్టా, ఒరిజినల్‌కి తిప్పా, సామాను విడదీసా?

నల్గొండలో ఒక ఇంట్లో పాత కారు అమ్మకానికి ఉందని తెలిస్తే ముందుగా గేటు కొట్టేది ఇనుప సామాను వాళ్ళు. తర్వాత వచ్చేది పెళ్ళి బారాత్‌లకు కార్లు కిరాయికిచ్చేవాళ్ళు. ఆ కారు గురించి నిజంగా తెలిసినవాళ్ళు ఆఖరున వస్తారు, అదీ హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో. నా స్టాండర్డ్ హెరాల్డ్ అమ్మడానికి ఎనిమిది నెలలు పట్టింది. అందులో సగం కాలం ఎలాంటి మనిషికి అమ్మాలో తేల్చుకోకుండానే బేరాలు మాట్లాడుతూ గడిచిపోయింది. ఇలాంటి కారు మీ ఇంట్లోనూ ఉంటే మీకు ఆ నాలుగు నెలలు మిగలాలని ఇది రాస్తున్నాను.

మాది 1960ల నాటి రెండు తలుపుల హెరాల్డ్. నాయిన కొన్నది. ట్రయంఫ్ కంపెనీ బ్రిటన్‌లో 1959లో విడుదల చేసిన ఈ కారును మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ 1961 నుంచి తయారుచేసింది. డిజైన్ ఇటలీకి చెందిన జొవాన్ని మికెలోట్టిది. చూడటానికి ఇంటిల్లిపాదీ తిరిగే బుజ్జి కారులాగే ఉంటుంది కానీ, దీని చాసిస్‌ని పొట్టి చేసి దాని మీదే ట్రయంఫ్ వాళ్ళు స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు తెచ్చారు. అందుకే స్పిట్‌ఫైర్ సామాను చాలావరకు హెరాల్డ్‌కి పడుతుంది. నా చేత తొమ్మిదేళ్ళు ఖర్చు పెట్టించింది ఆ ఒక్క విషయమే.

ఒంటి సోలెక్స్ కార్బురేటర్ తీసి జంట ఎస్‌యూ కార్బురేటర్లు పెట్టించాను. ముందు చక్రాలకు డ్రమ్ములు తీసేసి డిస్క్ బ్రేకులు వేయించాను. రేడియల్ టైర్లు, కొత్త సైలెన్సర్, సీట్ల వెనక రోల్ బార్ (కారు బోల్తా పడితే తలలు కాపాడే ఇనుప కమ్మీ) వచ్చాయి. అన్నిటికంటే ముఖ్యమైన మార్పు వెనకాల. హెరాల్డ్ వెనక చక్రాలు స్వింగ్ యాక్సిల్ మీద ఉంటాయి, అంటే చక్రంతో పాటు యాక్సిల్ కూడా పైకీ కిందికీ ఊగుతుంది. మలుపులో గట్టిగా పోతూ ఒక్కసారి యాక్సిలరేటర్ వదిలేస్తే, బయటివైపు చక్రం లోపలికి ముడుచుకొని కారు వెనక భాగం పైకి లేచి జారుతుంది. డిఫరెన్షియల్‌కీ అడ్డ కమాను కట్టకీ మధ్య బ్లాక్ పెట్టించి చక్రాలను కాస్త వాల్చాక ఆ భయం చాలా తగ్గింది. మన్ననూరు దాటాక నల్లమల మలుపుల్లో ఆ తేడా స్టీరింగ్ పట్టుకున్న చేతులకు తెలుస్తుంది.

ఇంత చేసిన కారు అమ్మేటప్పుడు మన ముందు మూడు దారులుంటాయి. ఉన్నది ఉన్నట్టు అమ్మడం, మార్పులన్నీ విప్పి కంపెనీ నుంచి వచ్చిన రూపంలో అమ్మడం, మంచి సామాను విడిగా అమ్మి కారు విడిగా అమ్మడం. ఏది లాభం అన్న ప్రశ్న కంటే ముందు ఈ కారు కొనేవాడు దాన్ని ఏం చేస్తాడు అన్న ప్రశ్నకు జవాబు చెప్పుకోవాలి. నడుపుకునేవాడికి కావలసిన కారు, దాచుకునేవాడికి కావలసిన కారు ఒకటి కావు. మన చట్టం కూడా వాటిని వేరుగానే చూస్తుంది.

వింటేజ్ రిజిస్ట్రేషన్ లెక్క

2021 జూలైలో కేంద్ర మోటారు వాహన నియమాల్లో వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నిబంధనలు చేర్చారు. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటిన టూ వీలర్లు, కార్లు దీని కిందికి వస్తాయి. కారు మొదటి రూపంలోనే ఉండాలి. చాసిస్, బాడీ షెల్, ఇంజిన్‌లో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. కొత్త రిజిస్ట్రేషన్‌కి ఫీజు 20,000 రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది. ఆ తర్వాత రెన్యువల్‌కి 5,000. ఇప్పటికే రిజిస్టర్ అయి ఉన్న కారు తన పాత నంబరు నిలుపుకోవచ్చు. మా కారుకు ఇది పెద్ద విషయం, ఎందుకంటే ‘ఏ’తో మొదలయ్యే ఆ పాత మూడక్షరాల నంబరు చూసి ముచ్చటపడి ఫోన్ చేసినవాళ్ళున్నారు.

అయితే వింటేజ్‌గా రిజిస్టర్ అయిన కారును రోజువారీగా రోడ్డు మీద తిప్పకూడదు, కిరాయికి వాడకూడదు. ప్రదర్శనకు, వింటేజ్ ర్యాలీకి, పెట్రోలు పోయించుకోవడానికి, రిపేరుకు, సాంకేతిక పరిశోధనకు తీసుకెళ్ళవచ్చు. ఆదివారం పొద్దున్నే నాగార్జునసాగర్ దాకా పోయి టీ తాగి వద్దామనుకునేవాడికి ఈ రిజిస్ట్రేషన్ పనికిరాదు. షెడ్డులో నాలుగు పాత కార్ల పక్కన ఐదోదిగా పెట్టుకునేవాడికి మాత్రం చాలా ఇష్టం. మీ దగ్గరికి వచ్చిన మనిషి ఈ ఇద్దరిలో ఎవరో పది నిమిషాల మాటల్లో తెలిసిపోతుంది. దాచుకునేవాడు ముందు ఇంజిన్ నంబరు, చాసిస్ నంబరు అడుగుతాడు. నడుపుకునేవాడు ముందు తాళం అడుగుతాడు.

ఉన్నదున్నట్టు అమ్మితే

నేను ఎంచుకున్నది ఈ దారే. అయితే ఇందులో ఒక చేదు లెక్క ముందే మింగాలి. మార్పులకు పెట్టిన డబ్బు తిరిగి రాదు. డిస్క్ బ్రేకులకు మీరు లక్ష పెట్టి ఉండవచ్చు, కొనేవాడు మాత్రం ‘బ్రేకులు బాగున్నాయి’ అంటాడు తప్ప లక్ష ఎక్కువ ఇవ్వడు. మార్పుల వల్ల ధర పెరుగుతుందని ఆశపడకండి. సరైన మనిషి దొరికితే కారు త్వరగా, గౌరవంగా పోతుంది. అంతవరకే.

చట్టం సంగతి ఇక్కడ దాచకూడదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు చెప్పిన వివరాలకు, ఆర్సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా కారును మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడే వీలుంది. ఇంజిన్ మార్చాలంటే ముందుగా రిజిస్టరింగ్ అధికారి అనుమతి తీసుకొని, తర్వాత ఆ కొత్త నంబరు ఆర్సీలోకి ఎక్కించాలి.

పాత కార్లలోకి వేరే కంపెనీ ఇంజిన్ ఎక్కించి, సీ బుక్‌లో పాత నంబరే ఉంచి తిప్పుతున్నవాళ్ళు మన జిల్లాల్లోనూ ఉన్నారు. మీ కారు అలాంటిదైతే ‘ఉన్నదున్నట్టు’ అన్న దారి మీకు లేదు. పేరు మార్పిడి కోసం ఆర్టీఏ ఆఫీసుకు కారు వెళ్ళినప్పుడో, ఆర్సీ రెన్యువల్‌కి ఎంవీఐ (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్) బానెట్ తెరిపించినప్పుడో ఆ సంగతి బయటపడుతుంది. అప్పటికి డబ్బు చేతులు మారి ఉంటే మిగిలేది గొడవే. ముందు ఇంజిన్ సంగతి తేల్చుకొని, ఆ తర్వాతే అమ్మకానికి పెట్టండి.

నా కారులో ఇంజిన్ బ్లాక్ మొదటిదే, నంబరు సీ బుక్‌తో సరిపోయింది. రోల్ బార్ వెల్డింగ్ చేయించకుండా బోల్టులతో బిగించాం. అప్పట్లో మా మెకానిక్ అన్నతో దాని మీద ఒక సాయంత్రమంతా వాదించాను. వెల్డింగే గట్టిదని నేను, ‘చాసిస్‌కి మంట తగలనీయొద్దు తమ్మీ, రేపు విప్పాల్సి వస్తే ఏం జేస్తవ్’ అని ఆయన. అమ్మే రోజు వచ్చాక ఆ మాట విలువ తెలిసింది. మనసు మారితే విప్పి వెనక్కి పోగల మార్పులకూ, కోసి అతికించిన మార్పులకూ మధ్య కొనేవాడు చూసే తేడా చాలా పెద్దది.

ఒరిజినల్‌కి తిప్పి అమ్మితే

ఈ దారి మొత్తం ఒక్క ప్రశ్న మీద ఆధారపడి ఉంది. విప్పిన పాత సామాను మీ దగ్గర ఉందా? మా ఇంట్లో వడ్లు పోసే పాత డ్రమ్ము ఒకటి ఉండేది. సోలెక్స్ కార్బురేటర్‌ని నూనె గుడ్డలో చుట్టి గోనెసంచిలో పెట్టి అందులో దాచాను. బ్రేకు డ్రమ్ములు, మొదటి మానిఫోల్డ్, హారన్ రింగుతో సహా పాత స్టీరింగ్, చివరికి విరిగిన ఒక గేజు కూడా అందులోనే ఉన్నాయి. కారు చూడటానికి వచ్చిన ఒకాయన కారు చుట్టూ ఐదు నిమిషాలు తిరిగి, ఆ డ్రమ్ము దగ్గర అరగంట కూర్చున్నాడు. ఒక్కో సామాను బయటికి తీసి, గుడ్డ విప్పి, వేళ్ళతో తుడిచి, మళ్ళీ అలాగే చుట్టి పెట్టాడు. కొనలేదు కానీ, అంతకు ముందు వచ్చినవాళ్ళందరి కంటే ఎక్కువ ధర చెప్పింది ఆయనే.

సామాను ఉంటే, మార్పులు బోల్టులతో పెట్టినవే అయితే, వెనక్కి తిప్పడానికి మంచి మెకానిక్‌కి ఓ పది పదిహేను రోజుల పని. ఆ తర్వాత కారు వింటేజ్ రిజిస్ట్రేషన్‌కి తగినదిగా మారుతుంది, దాచుకునేవాళ్ళు ముందుకొస్తారు. విప్పిన ఎస్‌యూలు, డిస్కులు విడిగా అమ్ముకోవచ్చు కూడా. లెక్క చూస్తే మూడు దారుల్లో ఎక్కువ డబ్బు ఇక్కడే ఉండే వీలుంది.

సామాను లేకపోతే కథ వేరు. ఇక్కడ హెరాల్డ్ సామాను వెతకడం అంటే హైదరాబాద్, చెన్నై తుక్కు దుకాణాల చుట్టూ తిరగడమే. బ్రిటన్‌లో ట్రయంఫ్ సామాను ఇప్పటికీ కొత్తవి తయారుచేసి అమ్ముతున్నారు. అయితే రవాణా, కస్టమ్స్ సుంకం కలిపితే చిన్న రబ్బరు ముక్క కూడా భారమవుతుంది. అనుకుందాం, తిప్పడానికి మీకు రెండు లక్షలైంది, ధర మాత్రం లక్షన్నరే పెరిగింది. నష్టపోయింది యాభై వేలు మాత్రమే కాదు, ఆ కారుకు మీరిచ్చిన నడక కూడా. కాబట్టి సామాను ఇంట్లో లేనివాళ్ళు ఈ దారి పట్టవద్దని నా గట్టి సలహా.

బాడీ కోసేసి ఉంటే కూడా అంతే. హెరాల్డ్ టాపు బోల్టులతో బిగించి ఉంటుంది. దాన్ని విప్పేసి ఓపెన్ కారు చేయడం తేలిక కాబట్టి బారాత్ కార్ల వాళ్ళకు దీని మీద కన్ను. విప్పడం వరకు ఫర్వాలేదు, దాన్ని మళ్ళీ పెట్టవచ్చు. విండ్‌షీల్డ్ ఫ్రేమ్ కోసి, వెనక సోఫా అమర్చి, లైట్ల కోసం బాడీకి రంధ్రాలు పెట్టినవి చూశాను. నా దగ్గరికి వచ్చినవాళ్ళలో ఇద్దరు అదే చేస్తామని ముందే చెప్పారు. మంచి ధరే అన్నారు. నేను ఇవ్వలేదు. యాభై ఏళ్ళు వాన తగలకుండా కాపాడిన బాడీ అది.

విడదీసి అమ్మడం

దీని గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. చాసిస్ తుప్పు పట్టి విరిగిపోయి, కాగితాలు కూడా పోయిన కారుకు ఇది సరైన దారి. నడిచే కారును విడదీస్తే, డబ్బు విడతలు విడతలుగా నెలల తరబడి వస్తుంది. చివరికి ఎవరికీ అక్కర్లేని బాడీ ఇంటి ముందు మిగిలి, దాన్ని కిలో లెక్కన ఇవ్వాల్సి వస్తుంది. విడదీసినా ఆర్సీ రద్దు చేయించుకోవడం మాత్రం మరచిపోవద్దు. ఆ నంబరు, ఆ కాగితం వేరే కారుకు తగిలించుకునేవాళ్ళ చేతిలో పడితే ప్రమాదం.

ఇక్కడే అమ్మాలా, ఊరు దాటించాలా

మన దగ్గర కొనేవాళ్ళు లేరని అనుకోవద్దు. మిర్యాలగూడ రైస్ మిల్లుల వాళ్ళలో, మహబూబ్‌నగర్, జడ్చర్ల వ్యాపారుల్లో పాత కార్ల పిచ్చి ఉన్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళకు అమ్మితే పేరు మార్పిడి తెలంగాణలోనే అయిపోతుంది. రాష్ట్రం దాటితే ఫారం 28తో ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తీసుకోవాలి, అక్కడ కొత్తగా పన్ను కట్టాలి, కొనేవాడికి ఖర్చూ కాలమూ రెండూ పెరుగుతాయి. ఆ ఖర్చు బేరంలో మన ధరలోంచే తగ్గుతుంది. అయినా బెంగళూరు, చెన్నై వాళ్ళకు హెరాల్డ్ అంటే ఏమిటో వివరించాల్సిన పని లేదు. పైగా నల్గొండ కారంటే వాళ్ళకు ఒక మంచి అభిప్రాయం ఉంది. సముద్రపు గాలి లేని ఎండు వాతావరణం కాబట్టి అడుగు భాగం, చాసిస్ చేతులు, తలుపుల కింది అంచులు అంత తొందరగా తుప్పు పట్టవు. కారు ఎత్తి అడుగు ఫోటోలు తీయండి. నాకు వచ్చిన ఫోన్లలో సగం ఆ ఫోటోలు చూసి వచ్చినవే.

మన నేల చేసే చెడు ఒకటుంది, అది కూడా చెప్పాలి. ఇక్కడి బోరు నీళ్ళు రేడియేటర్‌లో పోస్తే లోపల తెల్లగా గార కడుతుంది. ఎండాకాలం ట్రాఫిక్‌లో ఐదు నిమిషాలు ఆగితే సూది ఎరుపులోకి పోతుంది. రేడియేటర్ శుభ్రం చేయించి, కూలెంట్ పోయించి, ఆ బిల్లు చూపించండి. అలాగే ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. పాత రబ్బరు పైపులు, పెట్రోల్ పంపు డయాఫ్రం దాన్ని తట్టుకోలేవు. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది కాబట్టి నెలలు కదలని కారు ట్యాంకులో తుప్పు మొదలవుతుంది. అమ్మే ముందు పైపులన్నీ ఇథనాల్‌ని తట్టుకునేవి వేయించడం పెద్ద ఖర్చు కాదు. కొనేవాడు అడిగినప్పుడు ‘మార్చాం’ అని చెప్పగలగడం ధర తగ్గించే ఒక మాటను అతని నోట్లోంచి తీసేస్తుంది.

కాలం విషయానికొస్తే, దసరా నుంచి సంక్రాంతి మధ్య పెట్టండి. ఆషాఢంలో, మూఢంలో బేరం కుదిరినా బండి కదలదు. ఏప్రిల్, మే నెలల్లో జంట కార్బురేటర్ల కారును మధ్యాహ్నం చూపించడం అంటే దానికి అన్యాయం చేయడమే.

బ్రోకర్ ద్వారానా, నేరుగానా

ఇక్కడ నా గాయం ఒకటి చెప్పాలి. హెరాల్డ్ కంటే చాలా ముందు మా ప్రీమియర్ పద్మినిని ఒక బ్రోకర్ ద్వారా అమ్మాను. కొనేవాళ్ళ పేరు తర్వాత రాసుకుంటామని పేరు మార్పిడికి కావలసిన ఫారం 29, ఫారం 30 మీద ఖాళీగానే సంతకాలు పెట్టించుకున్నాడు. డబ్బు పూర్తిగా ఇచ్చాడు, నేనూ మర్చిపోయాను. ఏడాదిన్నర తర్వాత ఒక రాత్రి పోలీసు స్టేషన్ నుంచి ఫోను. ఆ కారు ఎక్కడో ఒక టూ వీలర్‌ని గుద్దింది, ఆర్సీలో ఇంకా నా పేరే ఉంది. దేవుడి దయ, గుద్దినవాళ్ళు, దెబ్బ తగిలినవాళ్ళు మాట్లాడుకొని సర్దుకున్నారు. ఆ మూడు వారాలు మా ఇంట్లో అన్నం సయించలేదు.

అది నా ఒక్కడి భయం కాదు. 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: కారు అమ్మేసినా రికార్డుల్లో పేరు ఎవరిదైతే ఉందో చట్టం దృష్టిలో యజమాని అతనే, ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యతా అతనిదే. అందుకే నడుమ ఎవరున్నా సరే, కొనేవాడి పేరు, చిరునామా, తేదీ నిండిన తర్వాతే సంతకం పెట్టండి. రాష్ట్రంలోపల అమ్మకమైతే 14 రోజుల్లో, వేరే రాష్ట్రమైతే 45 రోజుల్లో అమ్మినవాడు ఆర్టీఏకి సమాచారం ఇవ్వాలి. కారు వింటేజ్‌గా రిజిస్టర్ అయి ఉంటే అమ్మినవాడు, కొన్నవాడు ఇద్దరూ 90 రోజుల్లో తమ తమ రవాణా అధికారులకు తెలియజేయాలి.

ఇక బ్రోకర్ అవసరమా అంటే, మామూలు కారుకు ఉపయోగం. ఇలాంటి కారుకు అతను తెచ్చేది ఎక్కువగా బారాత్ వాళ్ళనే. ఎస్‌యూ కార్బురేటర్ అంటే ఏమిటో అతనికి తెలియదు కాబట్టి, మీరు చేసిన పని గురించి అతను చెప్పగలిగేది ‘ఫుల్ పికప్ సార్’ అన్న ఒక్క మాటే. ఆ మాట వినే కుర్రవాళ్ళు వస్తారు. స్వింగ్ యాక్సిల్ కారును అలాంటి చేతుల్లో పెట్టడానికి నాకు మనసు రాలేదు. కమిషన్ మిగిలించుకోవడానికి కాదు, కొనేవాడితో నేనే మాట్లాడాలని నేరుగా అమ్మాను.

చూడటానికి వచ్చిన రోజు

ఇంజిన్ ముందే వేడి చేసి పెట్టకండి. తెలిసినవాడు రాగానే రేడియేటర్ మీద చెయ్యి పెడతాడు, వేడిగా ఉంటే చల్లారి స్టార్ట్ కావడం లేదేమో అనుకుంటాడు. నా కారు కొన్నాయన ఆదివారం పొద్దున ఏడింటికే హైదరాబాద్ నుంచి వచ్చాడు. హెరాల్డ్ బానెట్ మడ్‌గార్డులతో సహా ముందుకు ఒరుగుతుంది, ఇంజిన్ మొత్తం బయటికి కనిపిస్తుంది. ఆయన ముందు టైరు మీద కూర్చొని, క్లచ్ తొక్కమని నాకు చెప్పి, క్రాంక్ పుల్లీ వైపు చూస్తూ ఉన్నాడు. తొక్కినప్పుడల్లా పుల్లీ ముందుకు జరిగితే లోపల థ్రస్ట్ వాషర్లు అరిగిపోయినట్టు. మాది కదల్లేదు. తర్వాత ముందు చక్రాల దగ్గర ట్రనియన్లలో (స్టీరింగ్ తిప్పితే చక్రం తిరిగే కీళ్ళలో) ఏం వేస్తున్నారని అడిగాడు. గ్రీజు కాదు, 90 గేరు ఆయిల్ అన్నాను. అప్పుడు లేచి చేతులు తుడుచుకొని మొదటిసారి నవ్వాడు.

ఆ రెండు ప్రశ్నలకు జవాబు మీకు తెలియకపోతే మీ మెకానిక్‌ని ఆ రోజు పక్కన ఉంచుకోండి. చేసిన పనులన్నీ తేదీలతో రాసిన నోటుబుక్కు, బిల్లులు, పాత ఫోటోలు టేబుల్ మీద పెట్టండి. తప్పులు కూడా రాసి ఉంచండి. నా కారులో రెండో గేరు చల్లగా ఉన్నప్పుడు కరకరలాడేది, ఎడమ తలుపు కింద పుట్టీ ఉంది. రెండూ నేనే చూపించాను. పుట్టీ ఎక్కడుందో పట్టుకోవడానికి తెచ్చిన అయస్కాంతాన్ని ఆయన జేబులోంచి తీయలేదు.

టెస్ట్ డ్రైవ్‌లో ముందు మీరు నడపండి, ఆయన పక్కన కూర్చుంటాడు. తర్వాత లైసెన్స్ చూసి, ఫోటో తీసుకొని, ఇన్సూరెన్స్ చెల్లుబాటులో ఉందని సరిచూసుకొని స్టీరింగ్ ఇవ్వండి. హైవే ఎక్కించవద్దు. ఊరి చివర మనుషులు లేని రోడ్డు చాలు. మలుపు మధ్యలో యాక్సిలరేటర్ వదలవద్దని, బ్రేకు మలుపు ముందే వేయాలని, ఇంజిన్ స్టార్ట్ చేయకముందే చెప్పండి. ఇది మర్యాద కోసం చెప్పేది కాదు, ప్రాణాల మీద ప్రేమతో చెప్పేది. మార్పులు చేసిన బ్రేకులు పెడల్ మీద వేరుగా ఉంటాయి, కొత్త మనిషికి మొదటి తొక్కులో అంచనా తప్పుతుంది.

డబ్బు, కాగితం

మొదటి ధర మీ నోటి నుంచే రావాలి, దానికి ఒక కారణం ఉండాలి. నేను రెండు ధరలు చెప్పాను: కారు ఒక్కటీ ఇంత, డ్రమ్ములో ఉన్న పాత సామానుతో సహా ఇంత. కొనేవాడు ఆ రెండింటి మధ్య బేరమాడాడు తప్ప, కారు ధరను కిందికి లాగే ప్రయత్నం చేయలేదు. చివరికి సామానుతో సహా తీసుకున్నాడు. నడుపుకునేవాడే అయినా, రేపు వెనక్కి తిప్పే వీలు చేతిలో ఉండాలని ఆయనా అనుకున్నాడు. అందుకే ఎవరైనా మార్పులు మొదలుపెడుతుంటే వాళ్ళకు నేను చెప్పేది ఒకటే, విప్పింది పారేయకండి.

బయానా తీసుకుంటే కాగితం మీద రాసుకోండి: ఎంత, ఏ తేదీలోగా మిగతాది, రాకపోతే బయానా సంగతి ఏమిటి. రెండు లక్షలు, అంతకు మించి నగదు తీసుకోవద్దు. ఆదాయపు పన్ను చట్టం దాన్ని ఒప్పుకోదు, పడే జరిమానా తీసుకున్న మొత్తమంత ఉంటుంది. బ్యాంకు ద్వారానే రానివ్వండి. సొంతానికి వాడుకున్న కారు అమ్మితే వచ్చిన లాభం మీద మామూలు మనిషికి క్యాపిటల్ గెయిన్స్ పన్ను ఉండదు కాబట్టి బ్యాంకులో కనిపిస్తే ఏమవుతుందో అన్న టెన్షన్ అక్కర్లేదు.

ఆర్సీ గడువు కూడా ముందే చూసుకోండి. ప్రైవేటు కారుకు మొదటి 15 ఏళ్ళ తర్వాత ఐదేళ్ళకోసారి రెన్యువల్. 2025 ఆగస్టు నుంచి 20 ఏళ్ళు దాటిన కారుకు ఆ ఫీజు 10,000 రూపాయలు, గ్రీన్ ట్యాక్స్ వేరు. గడువు అయిపోయిన ఆర్సీతో అమ్మాలనుకుంటే కొనేవాడు ఆ ఫీజుకు నాలుగింతలు ధరలో తగ్గిస్తాడు. రెన్యువల్‌కి వెళ్ళే ముందు జంట కార్బురేటర్లను సమంగా ట్యూన్ చేయించండి. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ పెట్రోలు తీసుకుంటుంటే పొల్యూషన్ పరీక్షలో ఐడ్లింగ్ దగ్గరే ఆగిపోతుంది.

కారు అప్పగించే రోజు డెలివరీ నోట్‌లో తేదీతో పాటు గంట, నిమిషం రాసి ఇద్దరం సంతకాలు పెట్టాం. ఆ నిమిషం తర్వాత కారుతో ఏం జరిగినా లెక్క తేలడానికి అది కావాలి. ఆయన ఆధార్, లైసెన్స్ జిరాక్సులు, నిండిన ఫారాల జిరాక్సులు, ఆర్సీ రెండు వైపులా ఫోటో నా దగ్గర ఉంచుకున్నాను. ఆర్టీఏ స్లాట్ ముందే బుక్ చేసుకొని ఇద్దరం కలిసే వెళ్ళాం. పదిహేడు రోజుల తర్వాత ఆన్‌లైన్‌లో నంబరు కొట్టి చూస్తే యజమాని పేరు దగ్గర ఆయన పేరు కనిపించింది. ఆ రోజే ఫాస్టాగ్ మూసేయించి, ఇన్సూరెన్స్ కంపెనీకి అమ్మకం సంగతి రాసి పంపి, ఖాళీ అయిన వడ్ల డ్రమ్మును కడిగి వాకిట్లో బోర్లించాను.